కూలి తీసుకోని మనుషులు

ట్రాక్టరు చప్పుడు వింటే ఇప్పటికీ నా చెయ్యి పనిలో ఆగిపోతుంది. పొయ్యి మీద తాలింపు ఉన్నా సరే, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఆవాలు మాడిన వాసనకు గానీ తెలివి రాదు. ఇంట్లోవాళ్ళు బీపీ అనుకుంటున్నారు. మాత్రలు వేసుకుంటున్నాను. బీపీ తగ్గింది. చెయ్యి మాత్రం ఆగుతూనే ఉంది.

మీకు ఇది చెబుతున్నది మీ మీద నమ్మకంతో కాదు. నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, అదే నా జబ్బు. మీరు మా సందులో ఉండరు. మా చుట్టాలు కారు. రేపు పొద్దున పాలప్యాకెట్ల దగ్గర ఎదురుపడి నా మొహంలోకి చూడరు. అందుకే చెబుతున్నాను. నేను చేసిన పని ఒకటి ఇన్నేళ్ళుగా ఇంకొకరి పేరు మీద నడుస్తోంది. బరువు మోస్తున్నానని చెప్పుకోవడానికి కూడా నాకు నోరు రావడం లేదు. ఎందుకంటే నిజంగా మోస్తున్నది ఆ మనిషి. నేను పక్కన నడుస్తున్నానంతే.

మాది మణుగూరు. ఆయనకు బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో పని. క్వార్టరు కోసం చూసి చూసి విసుగొచ్చి ఒక సందులో స్థలం తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. నేను బోనకల్ వైపు పిల్లను. మా వైపు మిరపచేలు, పత్తిచేలు తప్ప అడవి మొహం పెళ్ళయ్యేదాకా చూడలేదు. ఇక్కడికి వచ్చాక మొదటి ఏడాదంతా చెట్టు కదిలితే భయం, కొత్త మనిషి కనబడితే భయం. ఆ భయం తర్వాత పోయిందనుకున్నాను. పోలేదు, అనుమానంగా మారింది.

స్థలం తీసుకున్నాం అన్నాను, కొన్నాం అనలేదు. ఇది ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడ భూమి గిరిజనులే అమ్మాలి, గిరిజనులే కొనాలి. మాలాంటివాళ్ళ ఇళ్ళన్నీ రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద నిలబడ్డవే. సందులో అందరిదీ అదే కథ. ఎవరూ పైకి అనరు. చివరి స్థలం ఒక్కటే సరైన పట్టా ఉన్నది, అది నాగమణిది. ఆమె కోయ పిల్ల. ఆ సందు మొత్తం మీద అసలు హక్కుతో ఇల్లు కట్టుకున్నది ఆమె ఒక్కతే, ఆమెనే మేమందరం కలిసి పరాయిదాన్ని చేశాం.

నాగమణి నర్సు. అడవి ఊళ్ళు తిరిగి సూదులు వేసి, కాన్పులు చూసే ఉద్యోగం. భర్త పోయాడు, పిల్లలు లేరు. తల్లీ తమ్ముడూ అడవి లోపల సొంత ఊళ్ళో ఉండేవాళ్ళు. ఈమె ఇక్కడ కిరాయి గదుల్లో ఉండేది. ఆ ఊరి నుంచి ఎవరు దవాఖానాకు వచ్చినా ఆమె గదిలోనే దిగేవాళ్ళు. పిల్లకు జ్వరమొస్తే తల్లీతండ్రీ, వాళ్ళతో అమ్మమ్మ, ఆమెతో ఇంకొకరు. ఓనర్లు రెండు నెలలు చూసి గది ఖాళీ చేయమనేవాళ్ళు. అలా తిరిగి తిరిగి చివరికి సొంత ఇల్లు మొదలుపెట్టింది. రెండంటే రెండు చిన్న గదులు. ముందు మాత్రం ఇంటికంటే పొడుగ్గా ఒక వసారా.

"ఒక్కదానివి, ఇంత వసారా దేనికే?" అని అడిగాను.

"మా వాళ్ళు దవాఖానాకు వస్తె పండాలె గదక్కా. బస్టాండ్ల పంటున్నరు పాపం" అంది.

అంతే సంగతి. అంతకు మించి ఏమీ లేదు. అయినా మా సందులో ఆ వసారా మీద ఎన్ని కథలు పుట్టాయో చెప్పలేను.

ముందు సందు గురించి చెప్పాలి. మొదట్లో అది వెడల్పాటి దారే. మేమే తిన్నాం దాన్ని. ఒకరు మెట్లు ముందుకు దింపారు, ఒకరు స్కూటరు ఎక్కించుకోవడానికి సిమెంటు ర్యాంపు పోసుకున్నారు, ఒకరు కోళ్ళగూడు కట్టారు. నేను తక్కువ తిన్నానా? గేటు ముందు బండలు పరిపించి, చుట్టూ మందార చెట్లు పెట్టి, ఆ జాగా మా నాన్న రాసిచ్చినట్టు నీళ్ళు పోసి పెంచాను. దానికి తోడు మా ఆయన సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. సందులో మొదటి కారు. లోపల పెట్టడానికి చోటేది? రోడ్డు మీదే, మందార చెట్లను ఆనించి పెట్టేవాళ్ళం. రోజూ లేచీ లేవగానే తడిగుడ్డతో దాన్ని తుడిచేదాన్ని. బొగ్గు పొడి రాలే ఊళ్ళో తెల్ల కారు కొన్న ఘనులం మేము.

అందరం తినగా మిగిలింది ఒక ట్రాక్టరు ఇరుకు ఇరుకుగా పట్టే దారి. ఇసుక రావాలన్నా, ఇటుక రావాలన్నా నాగమణికి అదే దారి.

మా బాధలు అబద్ధాలు కావు, అది కూడా చెప్పాలి. ట్రాక్టరు సందులో నిలబడితే మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళ బండ్లు లోపలే చిక్కుకుపోయేవి. బడి ఆటో లోపలికి రాలేక మూల మీదే హారన్ కొట్టేది. కంకర చెల్లాచెదరై పిల్లల సైకిళ్ళు జారేవి. పంచాయతీలో ఫిర్యాదు చేద్దామని ఎవరో అన్నారు. ఆ మాట అనగానే అందరూ నేల చూపులు చూశారు. పంచాయతీవాళ్ళు టేపు పట్టుకుని కొలతకు వస్తే ముందు ఎవరి మెట్లు పోతాయో, ఎవరి తెల్లకాగితాలు బయటపడతాయో అందరికీ తెలుసు. ఇక ఫిర్యాదు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాగమణినే మా ఇంటి ముందుకు పిలిచాం. నలుగురి తరఫున మాట్లాడింది నేనే. ఇలాంటి చోట నా నోరు బాగా లేస్తుంది. "ట్రాక్టరు తెల్లారకముందే రావాలి. మొదటి షిఫ్టు బండ్లు బయటికి తీసేసరికి సందు ఖాళీగా ఉండాలి" అన్నాను. అది పెట్టింది నేను. ఈ ముక్క మీరు మర్చిపోకండి. నేను మర్చిపోయినట్టు నటించాను, దాని వల్లే అంతా జరిగింది.

"సరే అక్కా" అంది నాగమణి. "మా ముత్తయ్య బావకు చెప్త. మీకు ఇబ్బంది కాకుండ చూస్కుంటడు."

ముత్తయ్య ఆమె మేనమామ కొడుకు. వాళ్ళ ఊరివాడే. ఒక రైతు దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. ఎర్రటి కళ్ళు, పల్చటి మనిషి, మాట తక్కువ. మా ఇంటి ముందుకు వచ్చేసరికి బండి వేగం తగ్గించి, ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టుకుని, వెనక్కి తిరిగి ట్రాలీ చక్రాన్నే చూస్తూ మందార కొమ్మ విరగకుండా పోనిచ్చేవాడు. ఇప్పుడు ఇలా తలుచుకుంటున్నాను. అప్పుడు అవేమీ కనబడలేదు, ఇంజను పొగ ఒక్కటే కనబడేది.

అప్పటి నుంచి చీకటితోనే ట్రాక్టరు వచ్చేది. ఇసుకతో పాటు మనుషులూ దిగేవాళ్ళు. పది మందో, పన్నెండు మందో. మగవాళ్ళే ఎక్కువ. భుజాన గొడ్డళ్ళు, తాళ్ళు, సొరకాయ బుర్రల్లో జావ. మేస్త్రీ ఒక్కడే కూలికి వచ్చినవాడు. మిగతా పని మొత్తం వాళ్ళదే. వసారాకు కర్రలు చెక్కడం, మట్టి మోయడం, పునాది తవ్వడం. వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో మాట్లాడుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. సాయంత్రం ఖాళీ ట్రాక్టరెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ వచ్చేవాళ్ళు. కానీ ఈసారి వేరే మొహాలు. మళ్ళీ వస్తే ఇంకా వేరే మొహాలు.

ఇక సందులో చెవులు కొరుక్కోవడం మొదలైంది. చీకటితో దిగుతున్నారట. ఒకసారి వచ్చినవాడు మళ్ళీ రాడట. కూలి తీసుకోరట. ఒక్క ఆడదానికి అంత వసారా అట. కూలి లేకుండా ఈ రోజుల్లో ఎవడు పని చేస్తాడు, వదినా? నేనూ అన్నాను ఆ మాట. అందరికంటే ఎక్కువగా నేనే అన్నానేమో. కిటికీ తెర పక్కకు తీసి మొహాలు గుర్తుపెట్టుకునేదాన్ని. ఇతను మొన్న వచ్చాడా? ఇతని నడకేమిటి అలా ఉంది? ఆ సంచిలో ఏముంది? సంచిలో చింతపండు ఉంది. నాగమణి తర్వాత మా ఇంటికే తెచ్చి ఇచ్చింది. తీసుకున్నాను, పులుసు పెట్టుకున్నాను, అనుమానం మాత్రం తగ్గలేదు.

ఆ రోజులు మీకు తెలిసే ఉంటుంది. అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళను వెతుకుతూ పోలీసులు తిరిగేవాళ్ళు. మధ్య ఊళ్ళలో ఉన్నవాళ్ళ మీద ఇద్దరికీ అనుమానమే. అన్నం పెట్టావని పోలీసులు, చాడీ చెప్పావని అడవిలోవాళ్ళు. ఒక్క మాట చాలు, మనిషి బతుకు తలకిందులయ్యేది. ఈ సంగతి నాకు తెలియదని ఎట్లా అనను? చంటిపిల్లను అడిగినా చెప్పేది.

ట్రాక్టరు వచ్చే ముందురోజు మా కారును మెయిన్ రోడ్డు మీదకు తీసి పెట్టేవాళ్ళం, ఒకరోజు సాయంత్రం మా ఆయన అది మర్చిపోయాడు. మర్నాడు ట్రాక్టరు వచ్చే రోజు. చీకటితో ముత్తయ్య వచ్చాడు. హారన్ కొడితే సందంతా లేస్తుందని, దిగి వచ్చి మా గేటు తట్టాడట రెండుసార్లు. మేము లేవలేదు. వెనక్కి తీసుకుందామంటే ట్రాలీ నిండా ఇటుక. మెల్లగా పోనిచ్చాడు. కర్రుమన్న చప్పుడుకు నేను బయటికి ఉరికాను. ట్రాలీ కొక్కెం డ్రైవరు వైపు తలుపును ఈ చివర నుంచి ఆ చివరకు గీసేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం తిట్టానో అన్నీ ఇక్కడ చెప్పను. అడవి మనుషులన్నాను. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాను. ముత్తయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "తప్పయింది తల్లీ" అన్నాడు. నాగమణి పరుగెత్తుకొచ్చి రంగు వేయిస్తానంది. ట్రాలీలో ఇటుకల మీద కూర్చున్నవాళ్ళు కిందికి దిగకుండా మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళు నవ్వుకుంటున్నారని నాకు అనిపించింది. నవ్వలేదేమో. ఇంత కాలమైనా తేల్చుకోలేకపోతున్నాను. ఎవరో ఒకరు నవ్వి ఉంటే నాకు కాస్త బాగుండేది.

ఆ రోజే మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు వచ్చారు. నేను పిలవలేదు. అప్పట్లో వారానికి ఒకసారి వీధులు తిరిగేవాళ్ళు, కొత్తగా ఎవరైనా కిరాయికి దిగారా అని అడిగేవాళ్ళు. మిగతా రోజుల్లో తలుపు సగమే తీసి లేదని చెప్పి పంపేదాన్ని. ఆ రోజు తలుపు పూర్తిగా తీశాను. లోపలికి రమ్మని కుర్చీలు వేశాను. చల్లటి మంచినీళ్ళు ఇచ్చాను.

"ఏమ్మా, కొత్త మనుషులెవరన్న వస్తున్నరా ఇటు?" అన్నాడు పెద్దాయన.

"చివరి ఇంటికి వస్తున్నారండి. ట్రాక్టర్లో. తెల్లారకముందే దిగుతారు. వచ్చినవాళ్ళు మళ్ళీ రారు, వేరేవాళ్ళు వస్తారు. కూలికి కాదండి. కూలి తీసుకోరు."

ఇంతే అన్నాను. పెద్దాయన గ్లాసు కింద పెట్టి రెండోవాడి వైపు చూశాడు. మళ్ళీ ఏ రోజు వస్తారని అడిగాడు. చెప్పాను.

నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు, చూశారా? ఎన్ని ఏళ్ళు దీన్ని పట్టుకుని వేలాడానో. చూసిందే చెప్పాను, ఉన్నదే చెప్పాను, చాడీ కాదు, సాక్ష్యం. రోజూ వంటింట్లో నాకు నేనే చెప్పుకునేదాన్ని. వాళ్ళెవరో నాకేం తెలుసు, ఎందుకు కూలి తీసుకోరో నాకేం తెలుసు, భయపడ్డ ఆడది భయపడ్డట్టే మాట్లాడుతుంది కదా అని.

అది కూడా అబద్ధం. మీకు ఇందాక ఒక సంగతి చెప్పకుండా దాటేశాను. పోలీసులకు దాటేసినట్టే మీకూ దాటేశాను. అలవాటైపోయింది.

నాకు తెలుసు. పోలీసులు రావడానికి చాలా రోజుల ముందే నాగమణి మంచినీళ్ళ బిందె కోసం మా ఇంటికి వచ్చినప్పుడు నేనే అడిగాను, వీళ్ళకు కూలి ఎంత ఇస్తున్నావని. ఆమె నవ్వింది.

"కూలేందక్కా? మా ఊళ్ళ ఎవరు ఇల్లు కట్టుకున్నా ఇంటికొకరు వచ్చి చెయ్యాలె. గట్ల వంతులేసుకుంటరు. ఇయ్యాల నాకు చేసిన్రు, రేపు వాళ్ళింటికి నేను పోవాలె. కూలిస్తనంటె అలిగి పోతరు."

వంతులు. అందుకే ప్రతిసారీ వేరే మొహాలు. చీకటితో రావడమేమో నేను పెట్టిన షరతు. పోలీసుల ముందు కూర్చున్నప్పుడు ఈ రెండూ నా నాలుక మీదే ఉన్నాయి. ఒక్క ముక్క, మేమే అలా రమ్మన్నామండీ అంటే చాలు. వాళ్ళ ఊరి పద్ధతండీ అంటే చాలు. అనలేదు. ఎందుకు అనలేదు? కారు మీద గీత పడింది కాబట్టి. పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని నాలో నేను ఎంత వెతికానో. భయం ఉందా, కులం పొగరు ఉందా, మా తెల్లకాగితం ఇళ్ళ మధ్య ఆమె పట్టా కళ్ళలో పొడిచిందా? అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఆ మధ్యాహ్నం నా నోరు మూయించింది మాత్రం సెకండ్ హ్యాండ్ కారు తలుపు మీద పడిన గీత.

చెప్పిన రోజుకే వాళ్ళు వచ్చారు. సందు మొగలో జీపు అడ్డంగా పెట్టి ట్రాక్టరును ఆపేశారు. అందరినీ దింపి, చేతులు వెనక్కి పెట్టించి కూర్చోబెట్టారు. నాగమణి అడ్డం పడి ఏదో చెబుతుంటే ఒకతను తోసేశాడు. ఆ మనుషుల్లో ఆమె తమ్ముడు భద్రయ్య ఉన్నాడు. ఆ రోజు వాళ్ళ ఇంటి వంతట. జీపు ఎండ ఎక్కేదాకా సందుకు అడ్డంగానే ఉంది. మొదటి షిఫ్టు బండ్లు లోపలే ఆగిపోయాయి. బండి తీయండి అని ఒక్కరూ అనలేదు. నేను కిటికీ తెర వేసేశాను.

మిగతావాళ్ళను రెండు రోజుల్లో వదిలారు, ముత్తయ్యను వాళ్ళకంటే ముందే వదిలారు. ట్రాక్టరు యజమాని వచ్చి మాట్లాడి, బండితో పాటు డ్రైవరునూ విడిపించుకుపోయాడు. భద్రయ్య ఒక్కడినే చాలా రోజులు ఉంచుకున్నారు. వచ్చాక అతని కుడిచెయ్యి భుజం కంటే పైకి లేవలేదు. ఇప్పటికీ లేవదు.

ఆ తర్వాత ఆ ఊరి నుంచి ఒక్క మనిషి మా సందులోకి రాలేదు. నాగమణి ఇల్లు కూలివాళ్ళతో పూర్తిచేయించుకుంది. వసారా కూడా అయింది. దవాఖానాకు వచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ బస్టాండులోనే పడుకోవడం మొదలుపెట్టారు. పోయి బతిమాలినా రాలేదట. నీ ఇంటి మీద ఎవరి కళ్ళో ఉన్నాయి బిడ్డా, మేం రాం అన్నారట.

ఎవరి కళ్ళు? ఆమెకు అదే పట్టుకుంది. గృహప్రవేశం కూడా చేసుకోలేదు. ఒకరోజు మా వంటింటి గడపలో కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

"అక్కా, నీకేమన్న తెలుసా, ఎవరు చెప్పిన్రో?"

తెలిసే అడుగుతోందా? మొహం చూశాను. తెలియదు. నన్ను నమ్మి అడుగుతోంది. సందు మొత్తం మీద నన్నొక్కదాన్నే నమ్మి అడుగుతోంది.

తెలియదు అని ఊరుకోవచ్చు. అంతవరకైనా ఊరుకోవచ్చు. కానీ తెలియదంటే ఇంకా వెతుకుతుంది. వెతికితే ఆ పోలీసులకు మంచినీళ్ళు ఇచ్చింది ఎవరో, కుర్చీలు వేసింది ఎవరో ఎదురింటివాళ్ళు చెప్పరా? వాళ్ళు చూడలేదని నమ్మకమేమిటి? చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"ముత్తయ్య పోలీసోళ్ళ పక్కన టీ తాగుతుంటాడు కదే మెయిన్ రోడ్డు మీద" అన్నాను. "అతన్ని ముందుగా వదిలేశారు కూడా."

అదీ అబద్ధం కాదు. మెయిన్ రోడ్డు మీద ఉన్నది ఒకటే టీ బండి. పోలీసులూ అక్కడే తాగేవాళ్ళు, ముత్తయ్యా అక్కడే తాగేవాడు, మా ఆయనా అక్కడే తాగేవాడు.

నాగమణి తల ఎత్తింది. "బావనా?" అంది. నేను కాయలు తెంపుతూ కూర్చున్నాను. ఆమె లేచి వెళ్ళిపోయింది.

ఇంతకు ముందు చెప్పిందంతా కోపంలో చేసింది అనుకోండి. ఇది మాత్రం తెలివితో చేసింది. చల్లగా, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ చేసింది.

వాళ్ళ ఊళ్ళో పెద్దలు కూర్చున్నారు. ముత్తయ్య కాదన్నాడు, దేవర మీద ప్రమాణం చేస్తానన్నాడు. ఎవరూ వినలేదు. పోలీసులకు చెప్పేవాడు అన్న పేరు ఒకసారి పడితే ఆ రోజుల్లో అది ఊరికే పోయే పేరు కాదు. అడవిలోవాళ్ళ చెవిన పడితే ప్రాణానికే ముప్పు. ఆ భయంతోనే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఊరు విడిచిపోయాడు. సత్తుపల్లి వైపు ఎవరివో పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి కుదిరాడని విన్నాను. ఊరు అతన్ని వెలివేసింది. అతనితో మాట్లాడినా, అతని ఇంట్లో నీళ్ళు తాగినా తప్పే.

మరి అప్పుడెందుకు నోరు విప్పలేదంటారా? ఆ పేరు నా మీద పడితే నా గతేమిటని భయపడ్డాను. నిజమే భయపడ్డాను. ఆ భయానికి అర్థం ఉంది. కానీ ఆ రోజులు పోయాయి. తుపాకులు లోలోపలికి పోయాయి, రోడ్లు పడ్డాయి, ఇప్పుడు నిజం చెబితే నన్ను ఎవరూ చంపరు. సందులో నలుగురు మొహం తిప్పుకుంటారు, నాగమణి నా గడప తొక్కదు. అంతే. చావుకు భయపడి మూసిన నోరు ఇప్పుడు నామోషీకి భయపడి మూసుకునే ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నాగమణి తల్లి ఈ ఇంట్లోనే పోయింది. మందుల కోసమని చివరి రోజుల్లో ఇక్కడ తెచ్చి పెట్టుకుంది. ముత్తయ్యకు ఆమె మేనత్త. ఎలా తెలిసిందో, ఎన్ని బస్సులు మారి వచ్చాడో, మధ్యాహ్నానికి సందు మొగలో నిలబడ్డాడు. లోపలి నుంచి భద్రయ్య చూశాడు. లేవని చెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని సందు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ముత్తయ్య అడుగు ముందుకు వేయలేదు. అప్పటికి మా కారు లేదు, అమ్మేశాం. సందు ఖాళీగా ఉంది. లారీ అయినా పట్టేంత దారి ఉంది. ఆ ఒక్క మనిషికి మాత్రం లేదు.

నేను గేటు దగ్గరే ఉన్నాను. నన్ను చూసి దగ్గరకు వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. కళ్ళు అలాగే ఎర్రగా ఉన్నాయి.

"తల్లీ, నువ్వు రోజూ చూసేదానివి గద. నేను గసొంటోన్ని కాదని నాగమణికి నువ్వన్న ఒక మాట చెప్పు. నీ మాట ఇంటది. అత్త మొఖం ఒక్కసారి చూసి పోత."

అతనికి అనుమానం ఉందా? నన్ను పరీక్షించడానికి అడిగాడా? ఆ రోజు రాత్రంతా అదే ఆలోచించాను, చూడండి నా బుద్ధి. ఒక మనిషి తన మేనత్త శవాన్ని చూడనివ్వమని నన్ను అడుగుతుంటే, నాకు పట్టుకున్నది అతనికి తెలుసా తెలియదా అన్నదే.

"నాకేం తెలుసయ్యా మీ ఇళ్ళ సంగతులు" అన్నాను.

తల ఊపాడు. గేటు పక్క గట్టు మీద కాసేపు కూర్చున్నాడు. డప్పు చప్పుడు మొదలయ్యాక లేచి, పాడె కనబడకముందే మెయిన్ రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

నాగమణి ఇప్పటికీ చివరి ఇంట్లోనే ఉంది. మాత్రలు తెచ్చిచ్చేది ఆమే. వారానికొకసారి వచ్చి నా జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. గాలి కొడుతూ ముల్లునే చూస్తుంది. నేను ఆమె మొహాన్ని చూస్తాను. తెలుసా? తెలిసీ వస్తోందా? ఎదురింటివాళ్ళు ఎప్పుడో చెప్పేశారా? మా ఆయనకు తెలుసా? ఆ రోజు ఇంటికి వచ్చాక కడగని గ్లాసులు చూశాడు, ఎవరొచ్చారని అడగలేదు. ఎందుకు అడగలేదు? ఒకప్పుడు ట్రాక్టరు దిగిన మొహాలను వెతికినట్టు ఇప్పుడు నా వాళ్ళ మొహాలనే వెతుకుతున్నాను. ఇదే నాకు పడిన శిక్ష అని అనుకున్నాను కొన్నాళ్ళు. శిక్ష అంటే పెద్ద మాట. నేను ఇంట్లోనే ఉన్నాను, నా వాళ్ళ మధ్యే ఉన్నాను. తిండి తింటున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. అడగాల్సిన ఇద్దరిలో ఒకామె నాలుగిళ్ళ అవతలే ఉంది, చెప్పులు వేసుకోకుండా పోయి రావచ్చు. ఇంకొకతను ఎక్కడో తోటల్లో ఉన్నాడు, ఉన్నాడో లేడో కూడా తెలియదు. మీ దగ్గరికి రావడం సులువు కాబట్టి వచ్చాను. మీకు చెప్పాను కాబట్టి ఆమెకూ చెబుతానని మాట ఇవ్వలేను. ఇస్తే అదీ నా పాత మాటల్లాంటిదే అవుతుంది.

కానీ ఒక్క వాక్యం ఉంది. ఇన్నేళ్ళలో పెదాల దాకా వచ్చి వెనక్కి పోయిన వాక్యం. దాన్ని ఇవాళ ఒక్కసారైనా బయట పెడుతున్నాను, ఛాతీలో పట్టేసిన ఊపిరి కొంచెం వదులైంది. వదులవ్వడానికి నాకు హక్కు లేదు, తెలుసు. అయినా వదులైంది.

ముత్తయ్య చెప్పలేదు. నేను చెప్పాను.